స్క్రీన్ పగిలిన ఫోన్‌లోంచి ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ చాట్లు బయటికి తీయడం ఎలా

ఫోన్ చేతిలోంచి జారి బోర్లా పడింది. తీసి చూస్తే స్క్రీన్ నల్లగా ఉంది, లేదంటే ఆకుపచ్చ గీతలు, లేదంటే బొమ్మ బాగానే కనిపిస్తోంది కానీ ఎంత నొక్కినా పలకడం లేదు. ఆ క్షణంలో ఫోన్ పాడైందన్న బాధకంటే అందులో ఉన్న ఫొటోలు ఏమైపోయాయోనన్న టెన్షనే ఎక్కువ. టెన్షన్ పడకండి, స్క్రీన్ పగిలినంత మాత్రాన డేటా ఎక్కడికీ పోదు. ఫొటోలు, మెసేజ్‌లు అన్నీ ఉండేది లోపల మదర్‌బోర్డు మీద ఉండే ఒక స్టోరేజ్ చిప్‌లో. స్క్రీన్ అనేది ఆ బోర్డుకి ఒక పలచటి రిబ్బన్ కేబుల్‌తో తగిలించిన వేరే భాగం.

మరి కష్టం ఎక్కడొస్తుందంటే తాళం దగ్గర. ఇప్పటి ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాన్ని విప్పే తాళంచెవి మీ పిన్‌తోనో పాస్‌వర్డ్‌తోనో ముడిపడి ఉంటుంది. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్ల నుంచి ఇది తప్పనిసరి, ఐఫోన్లలో అంతకుముందు నుంచే ఉంది. కాబట్టి మనకు కావలసినవి మూడు: ఫోన్ చూపించేది మనకు కనిపించాలి, మనం నొక్కేది ఫోన్‌కు చేరాలి, లాక్ తెరుచుకోవాలి. మీ ఫోన్‌లో ఈ మూడింటిలో ఏది పోయిందో తేల్చుకుంటే దారి దానంతట అదే దొరుకుతుంది.

మా అక్క ఫోన్ పగిలినప్పుడు ఇవేవీ మాకు తెలియదు. రిపేర్ షాపులో ఇచ్చాం, వాళ్లు స్క్రీన్ మార్చి, "సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రెష్‌గా వేశాం" అని చెప్పి ఇచ్చారు. పాప మొదటి ఏడాది ఫొటోలు అందులోనే ఉన్నాయి. స్క్రీన్ మార్చడానికి రీసెట్ చేయాల్సిన అవసరమే లేదని తర్వాత తెలిసింది. ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

ముందుగా, ఫోన్‌ను ఆఫ్ చేయకండి

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంటే ఆన్‌లోనే ఉంచండి. రీస్టార్ట్ చేస్తే స్క్రీన్ వస్తుందేమోనని పవర్ బటన్ నొక్కిపట్టుకోవడం చాలామంది చేసే మొదటి పని, అదే మనకు ఎక్కువ నష్టం చేస్తుంది. ఫోన్ ఆన్ అయ్యాక మీరు ఒక్కసారైనా పిన్ కొట్టి తెరిచి ఉంటే, తర్వాత స్క్రీన్ లాక్ అయినా డేటా తాళంచెవి మెమరీలో ఉంటుంది, ఫింగర్‌ప్రింట్ పనిచేస్తుంది, బ్యాకప్‌లు వెనకాల నడుస్తాయి. రీస్టార్ట్ అయిందంటే ఇవన్నీ ఆగిపోతాయి, మళ్లీ పిన్ కొట్టేదాకా ఫింగర్‌ప్రింట్, ఫేస్ ఐడీ ఏవీ ఒప్పుకోవు. టచ్ పనిచేయని ఫోన్‌లో పిన్ కొట్టడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఇందులో టైమ్ కూడా ముఖ్యమే. ఐఫోన్‌ను 48 గంటలు అన్‌లాక్ చేయకపోతే ఫేస్ ఐడీ పనిచేయదు, పాస్‌కోడే కావాలి. ఐఓఎస్ 18 వచ్చాక 3 రోజులు లాక్‌లోనే పడి ఉన్న ఐఫోన్ తనంతట తానే రీస్టార్ట్ అవుతోంది, ఆండ్రాయిడ్‌కి కూడా 2025లో ఇలాంటి ఫీచరే వచ్చింది. అంటే పగిలిన ఫోన్‌ను డ్రాయర్‌లో పడేసి వచ్చే వారం చూద్దాం అనుకోకూడదు. ఛార్జింగ్‌లో పెట్టండి, బ్యాటరీ అయిపోనివ్వకండి, ఈ రోజో రేపో పని మొదలుపెట్టండి.

దీనికి మినహాయింపులు రెండున్నాయి. ఫోన్ నీళ్లలో పడి ఉంటే ఛార్జింగ్ పెట్టకుండా వెంటనే ఆఫ్ చేయాలి. బ్యాటరీ ఉబ్బినా, వంగినా, వింత వాసన వస్తున్నా దాని జోలికి పోకుండా తెలిసినవాళ్లకు చూపించాలి. ఫొటోల కోసం మంట రిస్క్ తీసుకోకండి.

ఇంకో సంగతి, పగిలిన అద్దం మీద వెడల్పాటి పారదర్శక టేపు అంటించండి. వేళ్లు తెగవు, పెంకులు ఊడిరావు.

ఏది పాడైందో తేల్చుకోవడం

వేరే ఫోన్ నుంచి కాల్ చేయండి. మోగినా, వైబ్రేట్ అయినా ఫోన్ బతికే ఉంది, పోయింది స్క్రీనే. స్క్రీన్ నల్లగా ఉంటే చీకటి గదిలో టార్చిలైటు వాలుగా వేసి చూడండి. ఎల్‌సీడీ స్క్రీన్ అయితే, వెనక లైటు మాత్రమే పోయి ఉంటే బొమ్మ మసకగా కనిపిస్తుంది. అమోలెడ్ అయితే ఈ పరీక్ష పనికిరాదు, దానికి వెనక లైటే ఉండదు. తర్వాత టచ్ సంగతి. స్క్రీన్ నల్లగా ఉన్నా కాల్ వచ్చినప్పుడు అంచనాగా వేలు జరిపితే కాల్ ఎత్తగలిగారంటే టచ్ ఉన్నట్టే.

టచ్ తనంతట తానే నొక్కుకుంటూ పోతోందా? అయితే జాగ్రత్త. లాక్ స్క్రీన్ మీద అది పిచ్చిపిచ్చిగా అంకెలు కొడితే తప్పు పిన్‌ల లెక్క పెరిగి ఫోన్ కాసేపు మూసుకుపోతుంది. ఐఫోన్‌లో 10 తప్పు పాస్‌కోడ్‌ల తర్వాత డేటా చెరిపేసే సెట్టింగ్ మీరు ఆన్ చేసి ఉంటే అసలుకే మోసం. పవర్ బటన్ ఒక్కసారి నొక్కి స్క్రీన్‌ను నిద్రపుచ్చి ఉంచండి.

ఫోన్ ముట్టుకోకముందే ఎంత దొరుకుతుందో చూడండి

కంప్యూటర్‌లోనో వేరే ఫోన్‌లోనో మీ గూగుల్ అకౌంట్ తెరిచి గూగుల్ ఫొటోస్, కాంటాక్ట్స్, డ్రైవ్ చూడండి. ఐఫోన్ అయితే ఐక్లౌడ్. కాంటాక్టులు దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. ఫొటోల విషయంలో ఏ తేదీ దాకా ఉన్నాయో చూసి రాసుకోండి, ఎందుకంటే గూగుల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ, ఐక్లౌడ్‌లో ఇచ్చే 5 జీబీ నిండిపోయి బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయి ఉండొచ్చు, మనం గమనించం.

అలా ఆగిపోయి ఉంటే ఒక మంచి ఉపాయం ఉంది. నెలకు డబ్బు కట్టి స్టోరేజ్ పెంచండి, ఈ పని కంప్యూటర్ నుంచే చేయొచ్చు, పగిలిన ఫోన్‌తో అవసరం లేదు. తర్వాత ఆ ఫోన్‌ను దానికి అలవాటైన వైఫై దగ్గర, ఛార్జర్‌కి పెట్టి రాత్రంతా వదిలేయండి. ఐక్లౌడ్ బ్యాకప్ నడిచేదే ఫోన్ లాక్‌లో, ఛార్జింగ్‌లో, వైఫైలో ఉన్నప్పుడు. గూగుల్ ఫొటోస్ కూడా బ్యాకప్ ఆన్ చేసి ఉంటే మిగిలినవి పంపేస్తుంది. స్క్రీన్ కనిపించకుండానే పని మొత్తం అయిపోయినవాళ్లున్నారు. ఆఫ్ చేయొద్దని అంత గట్టిగా చెప్పింది ఇందుకు కూడా.

లాగిన్ కోసం ఓటీపీ పగిలిన ఫోన్‌కే వస్తుంటే సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకోవచ్చు. మెమరీ కార్డ్ ఉంటే దాన్ని కూడా తీసి కార్డ్ రీడర్‌లో పెట్టి చూడండి. అయితే ఆ కార్డును ఫోన్ సొంత స్టోరేజ్‌లా ఫార్మాట్ చేసి ఉంటేనో, ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటేనో అది ఆ ఫోన్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. కంప్యూటర్ "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగితే వద్దనండి, మళ్లీ ఫోన్‌లో పెట్టేయండి.

బొమ్మ కనిపిస్తోంది, టచ్ లేదు: మౌస్ పెట్టండి

ఆండ్రాయిడ్‌లో అన్నిటికన్నా తేలికైన కేసు ఇదే. కావలసింది ఓటీజీ అడాప్టర్ (ఫోన్ ఛార్జింగ్ పోర్టుకి మౌస్, పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ పరికరాలు తగిలించే చిన్న ముక్క), మామూలు వైరు మౌస్. చిన్న డాంగిల్‌తో వచ్చే వైర్‌లెస్ మౌస్ కూడా సరిపోతుంది. బ్లూటూత్ మౌస్ మాత్రం ఇప్పుడే పనికిరాదు, దాన్ని జత చేయడానికి ముందు స్క్రీన్ నొక్కాలి కదా.

1. అడాప్టర్‌తో మౌస్ తగిలించండి. కొన్ని సెకన్లలో స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది.
2. ఎడమ బటన్ నొక్కిపట్టి పైకి లాగితే లాక్ స్క్రీన్ జరుగుతుంది, పిన్ అంకెల మీద ఒక్కొక్కటిగా క్లిక్ చేయండి. ప్యాటర్న్ అయితే బటన్ వదలకుండా చుక్కల మీదుగా గీయండి.
3. లోపలికి వెళ్లగానే సెట్టింగ్స్‌లో స్క్రీన్ ఆఫ్ అయ్యే టైమ్‌ను వీలైనంత పెంచండి, లేకపోతే మధ్యమధ్యలో లాక్ పడుతూ విసిగిస్తుంది.

బాణం గుర్తు రాలేదంటే ఒక కారణం నాకు తెలిసి చాలామందిని ఇబ్బంది పెడుతోంది. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ లాంటి కొన్ని ఫోన్లలో ఓటీజీకి సెట్టింగ్స్‌లో విడిగా ఒక స్విచ్ ఉంటుంది, పైగా వాడకపోతే 10 నిమిషాలకు అదే ఆఫ్ అవుతుంది. టచ్‌లో ఏ మూలైనా పలుకుతోందేమో చూడండి, పైనుంచి లాగే క్విక్ సెట్టింగ్స్ దాకా చేరగలిగితే చాలు. అదీ కుదరకపోతే ఈ దారి మూసుకున్నట్టే, స్క్రీన్ మార్పించడం గురించి కింద రాశాను, అక్కడికి వెళ్లండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఫోన్‌కి ఉన్న పోర్టు ఒక్కటే, దాంట్లో మౌస్ ఉంది. మౌస్ తీసి కంప్యూటర్ కేబుల్ పెడితే ఆండ్రాయిడ్ కేవలం ఛార్జింగ్ అనుకుంటుంది, "ఫైల్ ట్రాన్స్‌ఫర్" అని మీరు నోటిఫికేషన్‌లో ఎంచుకుంటే తప్ప ఫైళ్లు చూపించదు, ఎంచుకోవడానికి మౌస్ లేదు! దీనికి మూడు పరిష్కారాలున్నాయి. నాకు బాగా నచ్చింది టైప్-సి హబ్, అంటే ఒక్క పోర్టును చాలా పోర్టులుగా మార్చే చిన్న పెట్టె: దాంట్లో మౌస్, పెన్‌డ్రైవ్ రెండూ పెట్టి, ఫోన్‌లోని ఫైల్స్ యాప్ తెరిచి, కెమెరా ఫొటోలుండే డీసీఐఎమ్ ఫోల్డర్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేయడమే, కంప్యూటరే అక్కర్లేదు. హబ్‌కి ఛార్జింగ్ పోర్టు కూడా ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే కాపీ గంటలు పట్టొచ్చు, మౌస్, పెన్‌డ్రైవ్ రెండూ ఫోన్ బ్యాటరీనే తింటాయి. రెండోది, వైరు మౌస్ ఉండగానే బ్లూటూత్ సెట్టింగ్స్‌కి వెళ్లి బ్లూటూత్ మౌస్‌ను జత చేసుకోవడం, అప్పుడు పోర్టు ఖాళీ అవుతుంది. మూడోది, సెట్టింగ్స్‌లో మామూలుగా దాచి ఉంచే డెవలపర్ ఆప్షన్స్ తెరిచి యూఎస్‌బీ డిఫాల్ట్‌ను ఫైల్ ట్రాన్స్‌ఫర్‌గా మార్చడం. ఇది చేశాక కూడా కేబుల్ పెట్టేటప్పటికి ఫోన్ అన్‌లాక్ అయి ఉండాలి.

ఓటీజీ అడాప్టర్ దొరకకపోతే కంప్యూటర్‌లో నడిచే ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఎస్, సి, ఆర్, సి, పి, వై అనే ఆరు అక్షరాలే దాని పేరు. దాంట్లో ఓటీజీ మోడ్ అని ఒకటుంది. ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కి పెడితే, కంప్యూటర్ మౌస్, కీబోర్డులే ఫోన్‌కి తగిలించినట్టు పనిచేస్తాయి. యూఎస్‌బీ డీబగ్గింగ్ (కేబుల్ ద్వారా ఫోన్‌ను కంప్యూటర్ నడపనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో లేకపోయినా ఈ మోడ్ నడుస్తుంది, కాకపోతే ఫోన్ బొమ్మ కంప్యూటర్‌లో కనిపించదు, ఫోన్ మీదే చూడాలి.

స్క్రీన్ పూర్తిగా నలుపు: వేరే తెర మీద చూడాలి

ఇక్కడ మీ ఫోన్ మోడల్‌ను బట్టి అదృష్టం. టైప్-సి పోర్టు ఉన్న ప్రతి ఫోనూ టీవీకి బొమ్మ పంపదు, పోర్టు ఆకారం ఒకటే అయినా లోపలి వైరింగ్ వేరు. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ సిరీస్‌లో 2017లో వచ్చిన ఎస్8 నుంచి, పిక్సెల్‌లో 8 నుంచి, ఐఫోన్‌లో 15 నుంచి బొమ్మ బయటికి వస్తుంది. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 పోర్టే ఉంటుంది, వాటికి రాదు. కొనేముందు మీ మోడల్ పేరుతో "డిస్‌ప్లేపోర్ట్" (టైప్-సి పోర్టు నుంచి బొమ్మ బయటికి పంపే సదుపాయం) ఉందో లేదో వెతికి చూసుకోండి.

ఉంటే పద్ధతి ఇది: హెచ్‌డీఎమ్ఐ, యూఎస్‌బీ, ఛార్జింగ్ మూడూ ఉన్న టైప్-సి హబ్ తీసుకోండి. టీవీనో మానిటర్‌నో హెచ్‌డీఎమ్ఐకి, మౌస్, కీబోర్డు యూఎస్‌బీకి, ఛార్జర్ దాని చోట పెట్టి చివర్లో ఫోన్ తగిలించండి. లాక్ స్క్రీన్ టీవీ మీద కనిపిస్తుంది, ఇక పై విభాగంలో చెప్పినట్టే పెన్‌డ్రైవ్‌లోకి. కొన్ని ఫోన్లు ముందు "స్క్రీన్ చూపించమంటారా" అని ఫోన్ మీదే అడిగి ఆగుతాయి. టీవీ నల్లగా ఉంటే అన్‌లాక్ చేసి, కీబోర్డులో ట్యాబ్, ఎంటర్ ప్రయత్నించండి.

వీడియో రాని ఫోన్ అయితే కళ్లు మూసుకుని చేసినట్టే చేయాలి, అయినా కుదురుతుంది. కీబోర్డు తగిలించి, ఏదైనా కీ నొక్కి ఫోన్‌ను లేపి, స్పేస్ నొక్కి, పిన్ కొట్టి ఎంటర్. తెరుచుకుందో లేదో అన్‌లాక్ శబ్దాన్ని బట్టి తెలుసుకోవాలి. నాలుగుసార్లు కుదరకపోతే ఆగి కాసేపయ్యాక మళ్లీ చూడండి, వరసపెట్టి కొడుతూ పోకండి. ప్యాటర్న్ లాక్‌కి కీబోర్డు పనికిరాదు. టచ్ పనిచేస్తుంటే రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి కొన్ని సెకన్లు నొక్కిపట్టండి, ఆ షార్ట్‌కట్ ఆన్‌లో ఉన్న ఫోన్లలో టాక్‌బ్యాక్ మొదలై, వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదివి వినిపిస్తుంది, రెండుసార్లు తడితే ఎంచుకుంటుంది. పిన్ అంకెలు కూడా పైకి చదవొచ్చు, ఎవరూ లేనిచోట చేయండి.

మీరు యాప్‌లు తయారుచేసేవాళ్లో, ఎప్పుడైనా యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి అదే కంప్యూటర్‌కు "ఎప్పుడూ అనుమతించు" అని ఒప్పుకున్నవాళ్లో అయితే మీ పని నిమిషాల్లో అయిపోతుంది. పైన చెప్పిన ఆరక్షరాల ప్రోగ్రామ్ మామూలు మోడ్‌లో ఫోన్ మొత్తాన్ని కంప్యూటర్ తెర మీద చూపించి మౌస్‌తో నడపనిస్తుంది. ముందే ఒప్పుకోని కంప్యూటర్‌కి మాత్రం ఇది సాధ్యం కాదు.

ఐఫోన్ అయితే

మ్యాక్ ఉండి, దాంట్లో ఐఫోన్ మిర్రరింగ్ ముందే సెట్ చేసుకుని ఉంటే మొదట అదే తెరవండి. పక్కనే లాక్‌లో ఉన్న ఫోన్ మ్యాక్ తెర మీదకు వచ్చేస్తుంది, టచ్ అవసరమే లేదు.

లేకపోతే, ఇంతకుముందు మీరు ఐఫోన్ తగిలించి "ట్రస్ట్" నొక్కిన, అంటే నమ్మకమైనదని ఒప్పుకున్న కంప్యూటర్ ఏదైనా ఉందా ఆలోచించండి. ఫేస్ ఐడీకి ముఖం చూపించో, హోమ్ బటన్ మీద వేలు పెట్టో అన్‌లాక్ చేసి కేబుల్ పెడితే ఫొటోలు కాపీ చేసుకోవచ్చు. పూర్తి బ్యాకప్ మొదలుపెడితే మాత్రం కొత్త ఐఓఎస్‌లో ప్రతిసారీ ఫోన్ మీద పాస్‌కోడ్ అడుగుతుంది, టచ్ లేకపోతే అక్కడే ఆగిపోతారు. కొత్త కంప్యూటర్‌కి ట్రస్ట్ ఇవ్వాలన్నా పాస్‌కోడే. అందుకని ఐఫోన్ విషయంలో రాత్రంతా ఐక్లౌడ్ బ్యాకప్‌కి వదిలేయడమే అన్నిటికన్నా నమ్మకమైన దారి అంటాను.

స్క్రీన్ కనిపించక టచ్ మాత్రం ఉంటే సైడ్ బటన్ నొక్కిపట్టి సిరితో "టర్న్ ఆన్ వాయిస్‌ఓవర్" అని చెప్పండి, టాక్‌బ్యాక్ లాగే చదివి వినిపిస్తుంది. లైట్నింగ్ పోర్టు ఉన్న ఐఫోన్‌కి కెమెరా అడాప్టర్ ద్వారా యూఎస్‌బీ కీబోర్డు పెట్టొచ్చు. కాకపోతే లాక్ పడి గంట దాటితే ఐఫోన్ కొత్త యూఎస్‌బీ పరికరాలను రానివ్వదు, ముఖం చూపించి అన్‌లాక్ చేసి వెంటనే పెట్టాలి.

వాట్సాప్: తొందరపడితే పోయేది ఇదే

కొత్త ఫోన్ కొనగానే అందరూ సిమ్ వేసి వాట్సాప్ తెరిచేస్తారు. ఆగండి. సిమ్ మార్చినంత మాత్రాన పాత ఫోన్‌లో వాట్సాప్ పోదు గానీ, కొత్త ఫోన్‌లో నంబరు రిజిస్టర్ చేయగానే పాతదాంట్లో లాగౌట్ అవుతుంది, ఆ తర్వాత అక్కడినుంచి కొత్త బ్యాకప్ తీయలేరు. ముందు గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఏ తేదీదో చూసుకోండి. మౌస్‌తో లోపలికి వెళ్లగలిగితే వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ ఇప్పుడే కొట్టండి.

డ్రైవ్ బ్యాకప్ లేకపోయినా ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ రోజూ తెల్లవారుజామున 2 గంటలకు ఫోన్‌లోనే ఒక కాపీ తీసుకుంటుంది. ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్, దాని లోపల మీడియా, దాని లోపల వాట్సాప్ పేరున్న ఫోల్డర్. దాన్ని యథాతథంగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్‌లో సరిగ్గా అదే చోట పెట్టి, అప్పుడు వాట్సాప్‌లో అదే నంబరుతో రిజిస్టర్ అయితే రీస్టోర్ చేయమంటారా అని అడుగుతుంది. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసి ఉంటే దాని పాస్‌వర్డో, 64 అంకెల కీనో మీ దగ్గర ఉండాలి. ఈ లోపు కంప్యూటర్‌లో లింక్ చేసిన వాట్సాప్ ఉంటే అది ఫోన్ ఆఫ్‌లైన్‌లో ఉన్నా 14 రోజుల దాకా నడుస్తుంది, ముఖ్యమైన చాట్లు అక్కడ చూసుకోవచ్చు.

ఏదీ కుదరకపోతే స్క్రీన్ మార్పించండి

నిజానికి చాలామందికి తక్కువ తలనొప్పితో పనయ్యే దారి ఇదే. ఫోన్‌ను ఇక వాడనని అనుకున్నా సరే, డేటా తీసుకునేంతవరకు పాత స్క్రీన్ ఏదైనా తాత్కాలికంగా తగిలించగలరా అని అడగండి, కొంతమంది రిపేర్‌వాళ్లు చేస్తారు. ఇచ్చేముందు నోటితో చెప్పడమే కాదు, రసీదు మీద కూడా రాయించండి: రీసెట్ చేయకూడదు, సాఫ్ట్‌వేర్ వేయకూడదు, మదర్‌బోర్డు మార్చకూడదు. బోర్డు మారిస్తే స్టోరేజ్ చిప్ కూడా దాంతోపాటే పోతుంది, మీ ఫోన్ ఒళ్లు మాత్రమే తిరిగొస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లలో డేటాకు బాధ్యత లేదని సంతకం పెట్టించుకుంటారు, అక్కడ ఈ ప్రశ్న మరీ గట్టిగా అడగండి. పిన్ కాగితం మీద రాసివ్వకండి, స్క్రీన్ తగిలించాక మీరే వెళ్లి కొట్టండి.

"పగిలిన ఫోన్ నుంచి ఒక్క క్లిక్‌తో డేటా" అని అమ్మే సాఫ్ట్‌వేర్లకు డబ్బు పెట్టకండి. ఎన్‌క్రిప్షన్‌ను అవి దాటలేవు, చివరికి యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయమనో, స్క్రీన్ మీద ఏదో నొక్కమనో అడుగుతాయి. స్టోరేజ్ చిప్ ఊడదీసి చదువుతామన్నా ఇదే మాట, బయటికి తీసిన చిప్‌లో అర్థంకాని అంకెలు తప్ప ఏమీ ఉండవు.

కాపీ అయ్యాక

ఫోల్డర్ సైజులు రెండుచోట్లా సరిపోయాయో చూడండి, వీడియోలు నాలుగైదు తెరిచి చివరిదాకా ఆడుతున్నాయో చూడండి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదాన్ని ఇంకో చోట కూడా ఉంచండి. ఫొటోల హడావుడిలో అందరూ మరిచిపోయేవి కొన్నున్నాయి: లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్, ఫోన్‌లోనే సేవ్ అయిన నోట్స్, వాయిస్ రికార్డింగ్‌లు, ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్). ఇవన్నీ కొత్త ఫోన్‌లోకి వచ్చాయని, ఆథెంటికేటర్ కోడ్‌తో ఒక్కసారి నిజంగా లాగిన్ అయి చూసుకున్నాకే పాత ఫోన్‌ను రీసెట్ చేయండి.